వంద వాట్ల సాక్ష్యం

నేనెంత తెలివితక్కువవాణ్ణో నాకు కనపడడానికి వంద వాట్ల వెలుగు కావలసివచ్చింది. మిగతావాళ్ళకు అద్దం సరిపోతుంది. నాకు బల్బు పెట్టి చూపించాల్సి వచ్చింది, అదీ సంఘ పెద్దలంతా చూస్తుండగా. మా నాన్న చేసిన వైరింగును నేనే పరీక్షించాను. అందులో లోపముందని నేనే ప్రకటించాను. వైరింగులో ఏ లోపమూ లేదు. లోపం పరీక్షించినవాడిలో ఉంది. దాన్ని పట్టే పరికరం అప్పటికీ లేదు, ఇప్పటికీ లేదు.

మొన్న మా ఇంట్లో కరెంటు పోయింది. వీధంతా ఉంది, మాకే లేదు. ఒక కుర్రాడొచ్చాడు. వయసంతా కరెంటు పనిలోనే అరగదీసుకున్న నన్ను "మీరు కదలకండి తాతగారూ" అని కుర్చీలో కూర్చోబెట్టాడు. మెయిన్ ఆపి, గదిగదికీ తిరిగి ఫ్రిజ్జు, మిక్సీ, టీవీ, ఫోను ఛార్జరు, ఒక్కటి మిగలకుండా ప్లగ్గులన్నీ పీకి నేలమీద పడేశాడు. ఆ తర్వాతే సంచిలోంచి మీటరు తీశాడు.

"ముందవన్నీ ఎందుకు పీకావయ్యా?" అన్నాను, తెలిసే.

"అవి తగిలించుంటే మీటరుకి ఏది వైరో, ఏది వస్తువో తెలీదండి. మొదటిరోజే చెప్తారు కదండీ ఇది."

మొదటిరోజే చెప్తారు. నాకూ చెప్పారు. మీటరు ఎక్కడో కీచుమంది, కుర్రాడు తప్పు పట్టుకున్నాడు, ఇల్లు వెలిగింది. నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

మా నాన్న యానాంలో వైరింగు మేస్త్రీ. మా ఇల్లు ఫరంపేటలో. ఆ రోజుల్లో ఇప్పటిలా గోడ తవ్వి లోపల గొట్టాలు దాచేవాళ్ళు కాదు. సన్నటి టేకు పట్టీలు గోడకు బిగించి, వాటిమీద రేకు క్లిప్పులు కొట్టి, ఆ క్లిప్పుల కింద వైరును సాగదీసి పరిచేవాళ్ళు. పని బాగున్నా బాగాలేకపోయినా అందరికీ కనపడేది. నాన్న పరిచిన వైరు నాలుగు గీతల కాపీపుస్తకంలో రాసినట్టుండేది. సన్న మేకులు పెదాల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొట్టేవాడు. అందుకని నా చిన్నతనంలో సగభాగం నాన్న మాటలు నాకు "ఊఁ", "ఊహూఁ" గానే వినపడ్డాయి. సాయంత్రం సైకిలు దిగేసరికి ఆయన చొక్కా టేకుపొట్టు వాసన, కొత్త రబ్బరు వాసన, వార్నీషు వాసన వేసేది. లోపల్నుంచి అమ్మ వండే చింతచిగురు ఎండురొయ్యల వాసన వచ్చి వాటితో కలిసేది. ఇప్పటికీ కొత్త వైరు చుట్ట విప్పితే నాకు ఆకలేస్తుంది.

ఆయన దగ్గరొక సొంత పరికరముండేది. రెండు టార్చిలైటు బ్యాటరీలు, వాటిని బిగించి కట్టిన సైకిల్ ట్యూబు ముక్క, చిన్న బల్బు, రెండు వైరు కొసలు. వైరుకి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి తగిలిస్తే, మధ్యలో వైరు తెగకుండా ఉంటే బల్బు వెలుగుతుంది. "పలికిందా?" అని అడిగేవాడు నాన్న. "పలికింది" అనాలి. వెలిగింది అంటే ఒప్పుకునేవాడు కాదు. వైరు పలుకుతుంది, బల్బు వింటుంది, అంతే.

నాకు తొమ్మిదేళ్ళున్నప్పుడు అది సంచిలోంచి కొట్టేసి, మా నాయనమ్మ గాజుమీద రెండు కొసలూ ఆనించాను. బల్బు వెలిగింది. "నాయనమ్మా, నీ గాజు అసలు బంగారమే!" అన్నాను. ఆవిడ పొంగిపోయి పేటంతా చెప్పింది. మధ్యాహ్నానికి మా అరుగుమీద ఆడవాళ్ళు గొలుసులు, దుద్దులు, కాళ్ళ మట్టెలతో సహా బారులు తీరారు. అందరివీ అసలే. తీర్థంలో కొన్న గిల్టు గొలుసుకి కూడా బల్బు దివ్యంగా వెలిగింది. ఆ గొలుసావిడ ఆనందం పట్టలేక నాకు రెండు జంతికలు పెట్టింది. సాయంత్రం నాన్న విని నవ్వలేదు.

"ఒరేయ్, ఆ బల్బు దారుందని చెప్తాది. అది ఎవరి దారో చెప్పదు. అది మనం ఎల్లి చూడాలి" అన్నాడు. జంతికలు తిరిగిచ్చేసి రమ్మన్నాడు. ఒకటి అప్పటికే లోపలికెళ్ళింది.

నాన్నకు చదువు ఐదో తరగతి. పట్టుదల మాత్రం పైతరగతులది. యానాంలో పనికి కరువులేదు. ఆంధ్రా వైపునుంచి జనం బ్రాందీ కోసం వచ్చేవాళ్ళు, వాళ్ళకోసం ఏ సందులో చూసినా కొత్త షాపు లేచేది, ప్రతి షాపుకీ రంగు దీపాలు కావాలి. నాన్న వాటి గుమ్మం తొక్కేవాడు కాదు. "మేం మందిరానికెళ్ళేవాళ్ళమండి, ఆ పనొద్దు" అనేవాడు. మేం చర్చిని మందిరమనే అంటాం. అమ్మకి అది గర్వం. నాకేమో రంగు దీపాలు చూడలేకపోతున్నానని ఏడుపు.

నేను కాకినాడలో ఐటీఐ పూర్తిచేసి వచ్చిన ఏడే మా పేటలో కొత్త మందిరం కట్టారు. నా సర్టిఫికెట్టుకి లామినేషన్ చేయించాను. బుర్రకి కూడా చేయించి ఉంటే కొంత దుమ్మైనా పట్టకుండా ఉండేది. ఇంటికొచ్చినవాళ్ళందరికీ ఎర్తింగు గురించి చెప్పేవాణ్ణి, నా కాళ్ళు మాత్రం నేలమీద ఉండేవి కావు.

మందిరం వైరింగు నాన్నకిచ్చారు. కూలి వద్దన్నాడు. దేవుడి పని అన్నాడు. ఈ నిర్ణయం సంఘంలో ఒకాయనకు నచ్చలేదు. ఆయనకు బజారులో కరెంటు సామాన్ల షాపుంది, కింద ఇద్దరు పనివాళ్ళున్నారు, సంఘంలో పెద్దరికముంది. షాపు పెద్దాయన అనేవాళ్ళం. మందిరం పని తనకే వస్తుందనుకున్నాడు. రాకపోగా, నాన్న వైరు కూడా ఆయన షాపులో కాకుండా కాకినాడనుంచి తెప్పించమన్నాడు. ఆ తర్వాతి ఆదివారం నాన్న "వందనాలండి" అంటే, పెద్దాయన ఇటు చూడకుండానే "ఆయ్" అన్నాడు. అంతే.

నలభై రోజులు నాన్న అక్కడే ఉన్నాడు. నేను కూడా వెళ్ళేవాణ్ణి, ఎక్కువగా సలహాలివ్వడానికి. ప్రతి పట్టీ తూచినట్టు బిగించాడు. ప్రసంగ వేదిక వెనకాల వచ్చే వైరు ఎవరికీ కనపడదు, అయినా దాన్నీ అంతే శ్రద్ధగా పరిచాడు. "ఎవరు చూస్తారు నాన్నా?" అంటే "ఊఁ" అన్నాడు, మేకుల్లోంచి.

ప్రతిష్ఠ రోజు పొద్దున్న. సాయంత్రానికి కాకినాడనుంచి పెద్ద పాస్టరుగారు రావాలి. మందిరం వెనక పందిట్లో మసాలా నూరుతున్నారు, ఉల్లిపాయలు వేగుతున్నాయి. కరెంటు మనుషులు ముందురోజే మీటరుదాకా కనెక్షనిచ్చి వెళ్ళారు. ఇక మెయిన్ ఫ్యూజు పెట్టడమే తరువాయి. పెట్టేముందు పరీక్ష.

పరీక్ష చాలా తేలిక. ఫ్యూజు పెట్టాల్సిన ఖాళీలో వంద వాట్ల బల్బు తగిలిస్తాం. కరెంటు లోపలికి పోవాలంటే ఆ బల్బులోంచే పోవాలి. లోపలున్న దీపాలన్నీ తీసేసి, స్విచ్చులన్నీ వేసి ఉంచుతాం. అప్పుడు కరెంటు తిరిగి రావడానికి దారుండకూడదు, మన బల్బు వెలగకూడదు. వెలిగిందంటే, లోపలెక్కడో రెండు వైర్లు ఒకదానికొకటి తగిలి ఉన్నాయన్నమాట. నాన్న ఈ బల్బు పెట్టేముందు ఎప్పుడూ ఇల్లంతా ఒక చుట్టు తిరిగొచ్చేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళిచూపులకొచ్చిన మామగారిలా గదిగదికీ తొంగిచూసేవాడు. అదొక చాదస్తమని నా అభిప్రాయం.

ఐదుగురు పెద్దలు వచ్చి మెయిన్ బోర్డు ముందు నిలబడ్డారు. నాన్న తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. తనే పెట్టొచ్చు. పెట్టలేదు.

"మావాడు ఐటీఐ చేసొచ్చాడండి. ఆడే చూపిత్తాడు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం నాకిప్పటికీ కళ్ళముందుంది. అంతకుముందు ఆయన మొహంలో అంత వెలుగు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. నా చెవిలో మెల్లగా, "ఓసారి తిరిగొద్దాం రా" అన్నాడు.

"రాత్రే అన్నీ చూశా నాన్నా" అన్నాను. దీపాలన్నీ నిజంగానే రాత్రే ఊడదీసి బుట్టలో పెట్టాను.

బల్బు తగిలించాను. మెయిన్ వేశాను.

బల్బు భగ్గున వెలిగింది.

పందిట్లో రోటి చప్పుడొక్కటే వినపడుతోంది. నాన్న బల్బువైపు చూసి, "ఎలగకూడదే..." అన్నాడు. తర్వాత నా భుజంమీద చెయ్యేసి, "తిరిగొద్దాం రారా" అన్నాడు.

అప్పుడైనా కదిలి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు. ఐదుగురు పెద్దల ముందు, లామినేషన్ చేయించిన గొంతుతో నేనన్న మాట ఇది: "తిరగడానికేముంది నాన్నా? షార్టుంది. బల్బు అబద్ధమాడదు."

"విన్నావా బ్రదరూ?" అన్నాడు షాపు పెద్దాయన. "నేను చెప్తే కిట్టక అన్నానంటావు. నీ కొడుకే చెప్పాడు, సదువుకున్నోడు." ముందుకొచ్చి మెయిన్ ఆపి, నా బల్బు ఊడదీసి నా చేతిలోనే పెట్టాడు. "ఉండండి, ఎక్కడుందో నేనోసారి చూసొత్తాను" అని ఒక్కడే లోపలికెళ్ళాడు. వెనక గదిదాకా ఆయన చెప్పుల చప్పుడు వినపడింది. కొంతసేపటికి తిరిగొచ్చి, తల అడ్డంగా ఊపాడు.

"లాభంలేదండి. ఈ వైరింగు నమ్మలేం. పిల్లా జెల్లా వచ్చే చోటు. ఇంకెవరూ ముట్టుకోవద్దు."

"రెండు గంటలివ్వండయ్యా, ఎతికి పట్టేత్తాను" అన్నాడు నాన్న. అడుక్కున్నాడనాలి. మా నాన్న ఒకరిని అడుక్కోవడం నేను చూడడం అదే మొదలు.

"సాయంత్రం ప్రతిష్ఠ పెట్టుకుని ప్రయోగాలేంటి బ్రదరూ? జనరేటరు నేను పంపిత్తాను."

జనరేటరు వచ్చింది. దాని రొదలో ప్రసంగం ఎవరికీ వినపడలేదు. అందరూ మాత్రం షాపు పెద్దాయనకు వందనాలు చెప్పారు. మర్నాటినుంచి ఆయన పనివాళ్ళు నాన్న వైర్లన్నీ పీకారు. టేకుపట్టీలు మందిరం పక్కన కుప్ప పడ్డాయి, వాటిని వంటచెరుకుకి ఎవరో పట్టుకెళ్ళారు. నాన్న రోడ్డు ఇవతల సైకిలు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. షార్టు ఎక్కడుందో కనపడుతుందేమోనని చూస్తున్నాడట. అలా మూడురోజులు చూశాడు. లేనిదాన్ని వెతకడానికి ఎంతకాలమైనా పడుతుంది.

"కొడుకే కాదన్న పని" అన్న మాట ఊళ్ళో నాకన్నా వేగంగా తిరిగింది. కనకాలపేటలో పునాదులు వేసిన ఇల్లు, దరియాలతిప్పలో మాటిచ్చిన ఇల్లు, రెండూ వేరేవాళ్ళకు పోయాయి. చివరికి నాన్నను పిలిచేది బ్రాందీ షాపులవాళ్ళే అయ్యారు. వాళ్ళు ఏ ప్రశ్నలూ వేయరు. ఏడాది గడిచాక ఒకరోజు నాన్న ఏమీ తినకుండా సంచి తగిలించుకుని అటు వెళ్ళాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

ఆ సంగతి సంఘంలో తెలిసింది. తెలియజేసిందెవరో చెప్పక్కర్లేదు. నాన్నకు బల్ల ఆపేశారు. అంటే, నెలకోసారి ప్రభువు బల్ల ఆచరించేటప్పుడు రొట్టె పళ్ళెం వరసలో అందరిముందూ ఆగుతుంది, నాన్న ముందు ఆగదు. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఆ చేతులతోనే ఆ గోడలమీద ప్రతి అంగుళం తడిమాడు. ఆయన పక్కనే కూర్చుని నేను మాత్రం రొట్టె తీసుకునేవాణ్ణి. నాకేం లోపం లేదు కదా, సర్టిఫికెట్టుంది.

ఇంకో ఏడాదికి మా పాస్టరుగారికి వేరే ఊరు బదిలీ అయింది. సామాన్లు లారీకెక్కిస్తుంటే ఫ్యాను ఊడదీయడానికి నేను వెళ్ళాను. పాస్టరుగారి భార్యను అందరం అమ్మగారనేవాళ్ళం. ఆవిడ గిన్నెలు గోనెలో సర్దుతూ, ఒక ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకుని నవ్వింది.

"దీంతో పెద్ద తంటా అయింది బాబూ మందిరం ప్రతిష్ఠ రోజు. కరెంటిచ్చేత్తన్నారంటే, బల్లమీద పరిచే తెల్లగుడ్డ ఇస్త్రీ చేద్దామని వెనక గదిలో దీన్ని ప్లగ్గులో పెట్టి స్విచ్చేసి కూచున్నా. ఎంతకీ వేడెక్కదు. ఈలోగా కూరలో ఉప్పు చూడమని పిలిత్తే ఎళ్ళాను. వచ్చి చూద్దును కదా, షాపు పెద్దాయన దీన్ని చేత్తో పట్టుకు నిలబడ్డారు. 'ఇయ్యాల కరెంటు రాదండి అమ్మగారూ, తీసుకుపొండి' అని నా చేతికిచ్చేసారు. ఆ గుడ్డ ముడతలతోనే పరిచాం, పెద్ద పాస్టరుగారి ముందు సిగ్గుపోయింది."

నేను స్టూలుమీద నిలబడి ఉన్నాను. చేతిలో ఫ్యాను రెక్క ఉంది. బల్బు వెలగడానికి దారి ఎక్కడుందో, అది ఎవరి దారో అప్పుడు తెలిసింది. షార్టు కాదు, తెల్లగుడ్డ కోసం పెట్టిన ఇస్త్రీపెట్టె. వెనక గదిదాకా పది అడుగులు నడిచి ఉంటే నాకే కనపడేది. షాపు పెద్దాయన నడిచాడు, చూశాడు. కరెంటు సామాన్లు అమ్ముకుని బతికే మనిషికి, ఆ ప్లగ్గు పీకుతున్నప్పుడు తనేం పీకుతున్నాడో తెలియకుండా ఉంటుందా?

ఇంటికి పరుగెత్తాననుకుంటారు. లేదు. నడిచాను, అదీ చుట్టుదారిన, ఏటిగట్టుమీదుగా. ఇంట్లో నాన్న మంచంమీద దగ్గుతూ కూర్చుని, ఎవరిదో మిక్సీ విప్పుతున్నాడు. "ఫ్యాను ఊడిందా?" అన్నాడు. "ఊడింది" అన్నాను. అంతటితో ఊరుకున్నాను. చెప్పాలంటే మొదటి వాక్యం "నువ్వు తిరిగొద్దాం రమ్మన్నావు, నేను రాలేదు" అని మొదలవ్వాలి. ఆ వాక్యం నా గొంతులో ఎక్కడో తెగిపోయింది. రేపు చెబుదామనుకున్నాను. అలాంటి రేపులు ఎనిమిది నెలలు వచ్చాయి. షాపు పెద్దాయన నోరు మూసుకున్నది నాన్న శత్రువుగా. నేను మూసుకున్నది కొడుకుగా. తేడా మీరే చెప్పండి.

నాన్న ఆ వానాకాలంలో పోయాడు. చివరి వారంలో కూడా ఒక పగలు, మగతలో, "ప్రసంగ వేదికెనకాల వంపులో నొక్కుకుని ఉంటాదిరా... అక్కడే..." అన్నాడు. ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. నేను "ఊఁ" అన్నాను.

మాలో మనిషి పోయాక కొన్నాళ్ళకు ఆదరణ కూడిక పెడతారు. బంధువులు, సంఘం అందరూ ఇంటికొచ్చి, పాటలు పాడి, పోయినవాళ్ళ గురించి నాలుగు మంచిమాటలు చెప్పి, భోంచేసి వెళతారు. మా వాకిట్లో చాపలు పరిచాం. వెనక దొడ్లో మాంసం కూర ఉడుకుతోంది. ముందు వరసలో, కుర్చీలో షాపు పెద్దాయన. ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఆయన్నే మొదట మాట్లాడమన్నారు.

పెద్దాయన లేచి గొంతు సవరించుకున్నాడు. "బ్రదరు కష్టజీవి. మన మందిరం పనిలో ఏదో చిన్న పొరపాటు జరిగింది. తర్వాత బ్రాందీ షాపులంటూ కొంచెం దారి తప్పాడు. మనం చమించేసాం. ప్రభువు కూడా చమించి ఉంటాడని నమ్ముదాం."

"స్తోత్రం" అన్నారందరూ. అమ్మ తల దించుకుంది.

చివర్లో పెద్దకొడుకు లేచి అందరికీ కృతజ్ఞతలు చెప్పాలి, అది పద్ధతి. లేచాను.

"మా నాన్న మందిరం పనిలో పొరపాటు చేసింది నేనండి" అన్నాను. "బల్బు పెట్టేముందు ఓసారి తిరిగొద్దాం రమ్మన్నాడు. ఎల్లలేదు. ఎనక గదిలో అప్పటి అమ్మగారి ఇస్త్రీపెట్టె ప్లగ్గులో ఉంది. అందుకని బల్బు ఎలిగింది. ఈ సంగతి నాకు తెలిసి ఎనిమిది నెలలైంది. నాన్న బతికుండగా చెప్పలేదు. అది కూడా నా తప్పే. నన్ను చమించాలో లేదో మా అమ్మిష్టం." అమ్మ తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపు గురించి ఇక్కడ రాయను. "ఆ పెట్టె పీకింది మాత్రం నేను కాదు. పీకినోరెవరో అమ్మగారు చూసారు."

కుర్చీ కిర్రుమంది.

"పెద్దాయన గారూ, అది మీ చేతిలో ఉన్నప్పుడు మీకు తెలుసా తెలీదా అని అడగను. ఒక్కటే చెప్పండి. మా నాన్న చేసిన వైరింగులో లోపం ఉందాండి, లేదాండి?"

"ఇప్పుడెందుకు బాబూ ఆ మాటలు..." అన్నాడు. పాస్టరుగారివైపు చూశాడు. కొత్త పాస్టరుగారు బైబిలులో ఏదో వెతుక్కుంటున్నారు. చాపలమీద జనమంతా ఆయన్నే చూస్తున్నారు. వెనక్కెళ్ళడానికి దారిలేదు, అక్కడా జనమే.

"లేదు" అన్నాడు, తన మోకాళ్ళతో చెబుతున్నట్టు.

"ఎనకోళ్ళకి వినపళ్ళేదండి" అన్నాను.

ఆయన కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి నిలబడాల్సివచ్చింది. "లేదు. ఆ వైరింగులో లోపం లేదు" అన్నాడు, మందిరంలో ప్రార్థన చేసేటంత గట్టిగా.

ఆ రోజు నాన్నకు బల్ల తిరిగి రాలేదు, పీకిన వైర్లు గోడమీదికి ఎక్కలేదు. నేను చేయగలిగింది అంతే. తర్వాత చాలా ఏళ్ళు పెద్దాయనా నేనూ ఎదురుపడితే వందనాలు చెప్పుకున్నాం. ఆయనా లేడిప్పుడు, కనక ఒప్పుకోవడానికి ఇబ్బందేం లేదు. వెనకవాళ్ళకు మొదటిసారే వినపడింది. దొడ్లో కూర కలుపుతున్నావిడకు కూడా వినపడి, గరిటె చప్పుడు ఆగింది. నాకే ఇంకోసారి వినాలనిపించింది.